హేవ్‌లాక్ వంతెన దెయ్యాలు పుస్తకంగా వచ్చేసరికి: నా అనుభవం

నిన్న సాయంత్రం ప్రెస్సు నుంచి నా నవల 300 కాపీలు ఆటోలో ఇంటికొచ్చాయి. ఇంకా సిరా వాసన పోలేదు. ఈ వేడిలోనే రాసేస్తున్నాను, నాలుగు రోజులైతే పడ్డ బాధ మర్చిపోతాను.

నవల పదమూడు నుంచి పదహారేళ్ళ పిల్లల కోసం. కథంతా రాజమండ్రిలో, 2027 పుష్కరాల రోజుల్లో జరుగుతుంది. 1997లో రైళ్ళు ఆగిపోయాక హేవ్‌లాక్ వంతెన స్తంభాల దగ్గర కాపురం పెట్టిన జలపిశాచాలు, గౌతమీ గ్రంథాలయంలో బీరువాల వెనక ఉండే బ్రహ్మరాక్షసుడు, కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టే పిల్లి రూపంలో కాలువల వెంట ఊళ్ళోకి వచ్చే యక్షిణి. ఘాట్ల మీదకి అంత జనం దిగితే వీళ్ళంతా ఎక్కడ దాక్కుంటారు? అదీ కథ. లండన్‌లో తిరిగే రక్తపిశాచుల గురించి మన పిల్లలు ఏకబిగిన చదువుతారు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర రాత్రి పూట ఏం తిరుగుతుందో ఊహించమంటే తెల్లమొహం వేస్తారు. ఆ బాధతోనే మొదలుపెట్టాను.

రాయడానికి పద్నాలుగు నెలలు పట్టింది. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, ఐఎస్‌బీఎన్ ఢిల్లీలోని ప్రభుత్వ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో పైసా ఖర్చు లేకుండా వచ్చింది. దానికి ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. అట్టమీద బొమ్మ మా స్కూలు డ్రాయింగ్ మాస్టారు వేసిచ్చారు.

నా ప్రాణం తీసింది డీటీపీ, అంటే పేజీలు కంప్యూటర్లో అచ్చుకి సిద్ధం చేసే పని.

నేను యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో, ఇంటర్నెట్‌లో కనిపించే తెలుగులో టైపు చేశాను. మా వైపు ప్రెస్సుల్లో ఎక్కువమంది ఇప్పటికీ యూనికోడ్ కాని పాత పద్ధతి అను ఫాంట్లే వాడతారు కాబట్టి ఫైలు మార్చాలి. మార్చి ఇచ్చిన ప్రూఫు చూడగానే కాళ్ళూ చేతులూ ఆడలేదు. ‘ఫోన్‌లో’ అని నేను కొడితే ‘ఫోన్లో’ అని పడింది, ‘న’ కింద లావత్తు వేలాడుతూ. ‘బైక్‌మీద’ కాస్తా ‘బైక్మీద’ అయింది. టీనేజీ పిల్లల కథ కదా, పేజీకి పది ఇంగ్లీషు మాటలైనా ఉంటాయి. పుస్తకం నిండా ఇదే.

ఫైలు మార్చిన డీటీపీ షాపుకి వెళ్ళి అడిగాను. పెళ్ళికార్డుల కోసం వచ్చినవాళ్ళు ఆరుగురు కూర్చుని ఉన్నారు. ఓనరు స్క్రీన్ మీంచి తల తిప్పకుండానే, “మేడం గారూ, ముందు తెలుగు టైపు నేర్చుకుని రండి. అయినా దెయ్యాల కథకి ఒత్తుంటే ఏంటండి, లేకపోతే ఏంటండి?” అన్నాడు. అందరూ నవ్వారు. ఒకావిడ నా చేతిలో కాగితం తీసుకుని ‘బైక్మీద’ అని పైకి చదివింది కూడా. ఇరవై రెండేళ్ళుగా పదో తరగతికి తెలుగు చెబుతున్నదాన్ని నేను. నా చేతి కింద చదివిన పిల్లలు ఇవాళ తెలుగు పంతుళ్ళయ్యారు. అలాంటిది నోట మాట పెగల్లేదు. మెట్లు దిగి, ఆటో ఎక్కాలని కూడా తోచక, కోటిపల్లి బస్టాండు దాకా నడిచి వెళ్ళాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

తప్పు నా టైపుది కాదని తర్వాత తేలింది. పొల్లు పక్కన వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా యూనికోడ్‌లో కంటికి కనపడని గుర్తు ఒకటి ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ఫైలు మార్చేటప్పుడు అది ఎగిరిపోతోంది. మా అక్క కూతురికి పద్నాలుగేళ్ళు, నా మొదటి పాఠకురాలు. విని, “కనపడనిదాన్ని కనపడేలా చేస్తే సరిపోతుంది కదా పిన్నీ” అంది. అంతే. మార్చకముందే ఆ గుర్తున్న ప్రతిచోటా ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఒక నక్షత్రం పెట్టాం. మార్చాక నక్షత్రాలన్నీ ఒక్కసారిగా చెరిపేశాం. అను ఫాంటులో అక్షరాలు వాటంతటవి కలిసిపోవు కాబట్టి పొల్లు పొల్లుగానే నిలబడింది.

ఆ షాపులో పనిచేసే కుర్రాడికి ఈ కిటుకు ముందే తెలుసట! ఓనరు చెప్పొద్దన్నాడట, కరెక్షన్లకి పేజీకింత అని వేరే తీసుకుంటారు కదా. చదువు ఎవరికీ చెప్పకుండా దాచుకున్న పండితుడే చచ్చి బ్రహ్మరాక్షసుడవుతాడని మా నానమ్మ చెప్పేది. నా నవలలో ఆయన అలాంటివాడే. తెలిసింది దాచుకుని పక్కవాడి కష్టం మీద బతకడం కంటే పాపం లేదు. అందుకే ఇక్కడ పూర్తిగా రాశాను, వాడుకోండి.

డీటీపీకి డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి. ఇంగ్లీషు మాటలు ఎక్కువున్న రెండు పేజీలు మార్పించి చూశాకే మిగతాది ఇవ్వండి. ‘మేడం గారూ’ అని మరీ సాగదీసేవాళ్ళ దగ్గరికి అసలు వెళ్ళొద్దు. 1954 చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లోపు కలకత్తా నేషనల్ లైబ్రరీకి, చెన్నై, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకి కాపీలు పంపాలి. నావి సోమవారం పోస్టు చేస్తాను.

నిన్న కట్ట విప్పగానే మా పిల్ల మొదటి పేజీ తియ్యలేదు. పేజీలు తిప్పి ‘బైక్‌మీద’ వెతికి పట్టుకుంది. “పొల్లు ఉంది పిన్నీ” అంది. తర్వాత గోడకి చేరబడి కూర్చుంది. అన్నానికి మూడుసార్లు పిలిచినా రాలేదు, అప్పటికి గ్రంథాలయం అధ్యాయంలో ఉంది.