సుప్రభాతంలో రెండో గొంతు

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం విన్నారా అని తిరుపతివాళ్ళను ఎవరూ అడగరు. తెల్లవారుజామున బస్టాండు దగ్గరి టీ అంగళ్ళలో, కొండకు బయలుదేరే జీపుల్లో, గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న పూజాసామగ్రి అంగళ్ళలో అది వినబడుతూనే ఉంటుంది. పూర్ణకుంభం కూడలిలో ఆమె విగ్రహం కూడా ఉంది. నలభై ఏళ్ళకు పైగా నేను ఆ గొంతు మధ్యనే బతికాను. అయినా అందులో ఇద్దరు పాడుతున్నారన్న సంగతి, ఒక పాత ఎల్పీ గ్రామఫోను రికార్డును ఇంటికి తెచ్చి, తలుపులు వేసుకుని, మొదటి నుంచి చివరిదాకా కూర్చుని విన్న రోజున గాని నాకు తెలియలేదు.

ఆ రికార్డు నాకు చిత్తూరులో దొరికింది. బంధువుల పెళ్ళికి వెళ్ళి తిరిగివస్తూ, ఒక పాతసామాన్ల అంగడి ముందు, తుప్పు పట్టిన ఫ్యాను రెక్కలకూ మూతలు లేని కుక్కర్లకూ మధ్య, దారంతో కట్టిన నల్లటి బిళ్ళల కట్ట చూశాను. అంగడాయన దాన్ని కాలితో కొంచెం పక్కకు జరిపి, "ఇవి పాడతాయో లేదో నాకు తెలీదు సార్, కొనేవాళ్ళు కూడా ఎవురూ లేరు. తూకానికైతే ఇచ్చేస్తా" అన్నాడు. కట్టలో మొత్తం పదకొండు ఉన్నాయి. రెండు ఎల్పీలు, మిగతావన్నీ నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క ప్లేట్లు. ఎల్పీలలో ఒకటి 1963లో హెచ్.ఎం.వి. రికార్డుల కంపెనీ విడుదల చేసిన ఆ సుప్రభాతమే. ఇంట్లో వాటిని వినడానికి ఏ సాధనమూ లేదని బస్సెక్కిన తరువాత గాని నాకు తట్టలేదు.

మూడు వేగాలున్న ఒక పాత ప్లేయరును మద్రాసులో కొని, సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. మొదటిసారి పాట వేసినప్పుడు మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, కాసేపు నిలబడి విని, "ఆయమ్మకు జలుబు చేసినట్టుంది నాయనా" అంది. అమ్మ మాటలో అతిశయోక్తి లేదు. పళ్ళేన్ని తిప్పే రబ్బరు బెల్టు సాగిపోయి వేగం తగ్గింది, వేగంతో పాటు శ్రుతీ దిగింది. వేగంలో నూటికి ఆరు పాళ్ళు తేడా వస్తే చాలు, పాట మొత్తం ఒక స్వరస్థానం పైకో కిందికో పోతుంది. కర్ణాటక సంగీతం వినేవారికి ఇది చిన్న సంగతి కాదు, ఎందుకంటే గాయకులు ఎంచుకున్న శ్రుతి వాళ్ళ గొంతులో భాగం.

వేగం సరిచూసే పద్ధతి నాకు ఎంతో ఇష్టం కాబట్టి దాన్ని కొంచెం వివరంగా చెబుతాను. గుండ్రటి కాగితం అంచు చుట్టూ సమానమైన దూరంలో 180 నల్లని గీతలు ముద్రించి ఉంటాయి. దాన్ని తిరిగే పళ్ళెం మీద పరిచి, చోకు ఉన్న పాత ట్యూబులైటు వెలుతురులో చూడాలి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ఆ లైటు సెకనుకు 100 సార్లు, అంటే నిమిషానికి 6,000 సార్లు వెలిగి తగ్గుతుంది. పళ్ళెం ఎల్పీకి కావలసిన వేగంతో, అంటే నిమిషానికి సరిగ్గా 33⅓ చుట్లు తిరుగుతుంటే, ఒక వెలుగుకూ మరో వెలుగుకూ మధ్య ఒక గీత స్థానంలోకి పక్క గీత వచ్చి నిలుస్తుంది, కాగితం తిరుగుతున్నా గీతలు మాత్రం కదలనట్టు కనిపిస్తాయి. గీతలు వెనక్కి జారుతుంటే వేగం తక్కువ, ముందుకు పోతుంటే ఎక్కువ. కొత్త బెల్టు వేసి, మోటారు పక్కనున్న చిన్న మరను వెంట్రుకవాసి తిప్పుతూ పోయి, గీతలు టక్కున ఆగిపోయిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇల్లంతా ఎల్‌ఇడి దీపాలు పెట్టినప్పుడు ఆ ఒక్క గదిలోని ట్యూబులైటును మాత్రం నేను తీయనివ్వలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం సుప్రభాతాన్ని మళ్ళీ మొదటి నుంచి వేశాను. సుప్రభాతం 29 శ్లోకాలు, స్తోత్రం 11, ప్రపత్తి 16, మంగళాశాసనం 14, మొత్తం 70. వీధిలో మనం ఈ నాలుగింటినీ వరుసగా ఎప్పుడూ వినం. నడుస్తూ పోతుంటే ఒక అంగట్లో మూడో శ్లోకం, ఇంకో అంగట్లో మంగళాశాసనం చెవిన పడతాయి, మధ్యలో ఆటో హారన్లు. ఇంట్లో అంత నిశ్శబ్దంలో వింటున్నప్పుడు, పాదం చివరి దీర్ఘాల దగ్గర ఒక గొంతు కింద ఇంకో గొంతు ఉన్నట్టు అనిపించింది. ముల్లు ఎత్తి మళ్ళీ పెట్టాను. అనుమానం లేదు, అది రాధా విశ్వనాథన్ గారి గొంతు. తల్లి ఊపిరిని పట్టుకుని కూతురు నడుస్తోంది. ఇద్దరూ కలిసి ఒకే గొంతుగా సాగుతూ, పదాన్ని విడిచిపెట్టే చోట మాత్రం రవ్వంత వేరవుతారు. ఆ రవ్వంత విన్న తరువాత, వీధిలో ఏ లౌడుస్పీకరులో ఆ పాట వచ్చినా నా చెవి ముందు రెండో గొంతునే వెతుకుతోంది.

అమ్మకు ఆ డెబ్బై శ్లోకాలూ కంఠతా వచ్చు. రోజూ దీపం పెడుతూ టీవీతో పాటు తానూ చదువుతుంది. ఆ రోజు మాత్రం నోరు మెదపకుండా కూర్చుంది. తరువాత ఎందుకని అడిగితే, "వాళ్ళిద్దరూ అంత పొందిగ్గా పాడతా ఉంటే మధ్యలో నేనెందుకు?" అంది.

డిజిటల్ శబ్దం కన్నా రికార్డు శబ్దం గొప్పదని వాదించేవారితో నేను ఏకీభవించను. రికార్డులో దుమ్ము చిటపటలుంటాయి, లోపలి వలయాల దగ్గర శబ్దం పలచబడుతుంది. దానికి కారణం సూటిగా చెప్పవచ్చు. ఎల్పీ అంచున ముల్లు కింద గాడి సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్లు పరుగెడితే, మధ్యలోని కాగితపు బిళ్ళ దగ్గరికి వచ్చేసరికి 21 సెంటీమీటర్లే నడుస్తుంది. అంటే అదే ఒక్క సెకను పాటను సగానికన్నా తక్కువ చోటులో ఇరికించాలి. అందుకే అరిగిన ముల్లుతో విన్నన్నాళ్ళు నా ప్లేటులో మొదటి శ్లోకాలు నిగనిగలాడి, చివరి మంగళాశాసనంలో 'శ్రీనివాసాయ' అన్న మాట వచ్చినప్పుడల్లా శకార సకారాలు గరగరమనేవి. వజ్రపు ముల్లు కొత్తది వేసి, నగల అంగట్లో ఉండేలాంటి చిన్న తూకం మీద రెండు గ్రాముల బరువు సరిచూసుకుని పెట్టాక ఆ గరగర చాలావరకు పోయింది. ఇంత శ్రమ ఉన్నా నేను రికార్డునే ఎందుకు పట్టుకున్నానంటే, అది పాటకు ఆరంభాన్నీ ముగింపునూ తిరిగి ఇచ్చింది. ఆగకుండా వినబడే ఊళ్ళో ఇరవై నిమిషాల తరువాత ఆగిపోయే సుప్రభాతం నాకు కావలసి వచ్చింది.

ఇప్పుడు నా దగ్గర నూటనలభై దాకా ప్లేట్లున్నాయి. అన్నింటి గురించీ చెప్పను. తిరుమల తిరుపతి దేవస్థానాల కోసం ఎం.ఎస్. గారు పాడిన బాలాజీ పంచరత్నమాల అయిదు సంపుటాలలో నాలుగు దొరికాయి. అందులోని అన్నమయ్య కీర్తనలు వింటున్నప్పుడు ఒక పోలిక నా మనసును వదలదు. తిరుమల గుడిలోని సంకీర్తన భండారంలో ఆ పాటలు రాగిరేకుల మీద చెక్కి ఉండేవి, 1922లో అవి మళ్ళీ వెలుగు చూశాయి. రేకు మీద సాహిత్యం దొరికింది, పైన రాగం పేరూ దొరికింది, కాని అన్నమయ్య ఎలా పాడాడో ఆ చెక్కడం చెప్పలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి నుంచి నేదునూరి కృష్ణమూర్తి గారి దాకా ఎందరో పెద్దలు వాటికి స్వరాలు కట్టవలసి వచ్చింది. ఎల్పీ కూడా చెక్కిన రేకే, అయితే ఇందులో గొంతునే చెక్కారు.

మా ఊరి వాతావరణం ప్లేట్లకు మంచిది కాదు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మేడమీది గదిలో ప్లేట్లు పడుకోబెడితే ఒకదాని బరువుకు ఇంకొకటి వంగిపోతుంది. అందుకని పుస్తకాల్లా నిటారుగా, కింది అంతస్తులోనే పెట్టాను. 2021 నవంబరు వానలకు మా వీధిలోకి నీళ్ళు వచ్చి కింది అర మునిగింది. అట్టలు ఉబ్బి ఒకదానికొకటి అంటుకుపోయాయి, వాటి వెనక ముద్రించిన వివరాలు పోయాయి. వినైల్ ప్లేట్లకు మాత్రం ఏమీ కాలేదు. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటరుతో కడిగి, బట్టలదండెం కింద నీడలో ఆరబెట్టాను. మా బోరునీళ్ళతో కడిగి ఉంటే గాడిలో ఉప్పు మిగిలేది.

నేను చేసిన పెద్ద తప్పు వానకన్నా ముందే జరిగింది. చిత్తూరు కట్టలోని లక్క ప్లేట్లలో ఒకటి చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళై గారిది. 1898లో పుట్టి 1975 దాకా జీవించిన ఆ కర్ణాటక గాత్ర విద్వాంసుడు కాంచీపురం నైనా పిళ్ళై గారి శిష్యుడు, మదురై సోము గారికి గురువు. ఆయన ఊళ్ళోనే, పాత ఇనుము మధ్య ఆయన ప్లేటు నా చేతికి దొరకడం నాకు చాలా పెద్ద విషయం. వినడానికి ముల్లు వేరేది కావాలి. 78 ప్లేటు గాడికి దాదాపు తలవెంట్రుక మందమున్న ముల్లు పడుతుంది, ఎల్పీ ముల్లు అందులో నాలుగో వంతే. ఆ ముల్లు పోస్టులో వచ్చేలోగా ప్లేటును శుభ్రం చేద్దామని, ఎల్పీలకు వాడినట్టే స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో ఒక పక్క తుడిచాను. గుడ్డ నల్లగా మారితే మురికి వదులుతోందని సంతోషించి ఇంకో రెండు చుట్లు గట్టిగా తుడిచాను. వెలుతురులో పెట్టి చూస్తే, అద్దంలా మెరవవలసిన ప్లేటు పలకలా మసకబారి ఉంది.

ఎల్పీ వినైల్ ప్లాస్టిక్‌తో చేసింది, దాన్ని స్పిరిట్ ఏమీ చేయదు. పాత ప్లేటు లక్కతో చేసింది. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు పెట్టే జిగురును కరిగించి, రాతిపొడీ మసీ కలిపి అచ్చు వేసేవారు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. వడ్రంగులు చెక్కకు పాలిష్ పెట్టేది ఆ పద్ధతిలోనే. మా ఇంట్లో చెక్క బీరువాకు పాలిష్ పెట్టిన రోజున నేనే పక్కన నిలబడి చూశాను, అయినా ఆ జ్ఞానం నా చేతికి అందలేదు. గుడ్డకు అంటిన నలుపు మురికి కాదు, పాట.

కొత్త ముల్లు వచ్చాక ఆ పక్క వేస్తే, దూరంగా వాన పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండో పక్క తుడవలేదు కాబట్టి బతికింది. మూడు నిమిషాల పాట. రాగాన్ని పరిచయం చేయడానికి నాలుగు సంగతులకు మించి సమయం లేకపోయినా, తొందర పడినట్టు ఒక్కచోట కూడా అనిపించదు. తాళం మీద ఆయన పట్టు ఆ గీతల హోరులోంచి కూడా స్పష్టంగా తెలుస్తుంది. దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి పెట్టుకున్నాను, ప్లేటును ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి తిప్పను.

మీ ఇంట్లో అటక మీద తాతల నాటి లక్క ప్లేట్లుంటే దయచేసి స్పిరిట్ తగలనివ్వకండి, మెత్తని పొడి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు. వాటిలో చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళై గారి ప్లేటు ఉంటే నాకు తెలియజేయండి. అమ్మమని అడగను. ప్లేయరూ ముల్లూ మోసుకుని నేనే మీ ఇంటికి వస్తాను, నేను తుడిచేసిన ఆ పక్కను ఒక్కసారి విని వెళ్తాను.