గట్టు మీది ఏనుగులు

ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు అని తెలియగానే మనవాళ్ళు ముందుగా చెప్పేది గజేంద్ర మోక్షం చదవమని. మంచి మాటే, కాదనను. కానీ చాలామంది తిన్నగా "లా వొక్కింతయు లేదు" దగ్గరికి వెళ్ళిపోతారు. అక్కణ్ణుంచి "అల వైకుంఠపురంబులో" అందుకుని, చక్రం మొసలి తల తెంచేదాకా ఒక్క గుక్కలో చదివేసి పుస్తకం కళ్ళకద్దుకుంటారు. వీటన్నిటికంటే ముందు, ఇంకా నీళ్ళలో పోరు సాగుతుండగానే, పోతన గారు ఒక చిన్న ఆటవెలది రాశారు. దాని దగ్గర ఆగినవాళ్ళని నేను పెద్దగా చూడలేదు.

మకరితోడఁ బోరు మాతంగవిభుని నొ
క్కరుని డించి పోవఁ గాళ్ళు రాక
కోరి చూచుచుండెఁ గుంజరీయూథంబు
మగలు దగులు గారె మగువలకును

మొసలితో పోరాడుతున్న ఏనుగు రాజుని ఒక్కణ్ణే వదిలి పోవడానికి కాళ్ళు రాక ఆడ ఏనుగుల మంద చూస్తూ ఉండిపోయిందట, ఆడవాళ్ళకి మగలంటే బంధమే కదా అని. అమ్మకి క్యాన్సర్ అని తెలిసినప్పటి నుంచి నాకు భాగవతం ఎనిమిదో స్కంధం అంటే ఈ నాలుగు పాదాలే. ఎందుకంటే ఈ కథలో నా చోటు ఎక్కడో దీనివల్లే తెలిసింది. మనం పారాయణ చేసేటప్పుడు ఎప్పుడూ మనమే గజేంద్రుళ్ళం. అప్పుల్లో ఉన్నా, ఉద్యోగం పోయినా, కోర్టు కేసు ఉన్నా మొసలి పట్టింది మన కాలినే. కానీ కన్నతల్లికో కన్నతండ్రికో ఈ జబ్బు వచ్చినప్పుడు నీళ్ళలో ఉన్నది మనం కాదు, వాళ్ళు. సూది వాళ్ళకి, వాంతులు వాళ్ళకి, జుట్టు రాలేది వాళ్ళకి. మనం గట్టు మీద ఉన్నాం. దిగి కాలు విడిపించలేం, వదిలేసి పోలేం. పోతన గారు భార్యల గురించి చెప్పినా, బిడ్డలకి మాత్రం వేరే దారి ఏముంది?

వ్యాస భాగవతంలో ఈ చోట ఇంకో సంగతి ఉంది. అక్కడ ఆడ ఏనుగులు దీనంగా ఏడుస్తాయి. మిగతా ఏనుగులు వెనక నుంచి పట్టి లాగుతాయి, బయటికి తేలేకపోతాయి. చివరికి గజేంద్రుడే అనుకుంటాడు: నా వాళ్ళయిన ఈ ఏనుగులే నన్ను విడిపించలేకపోయాయి, ఇంక ఆడ ఏనుగులు ఏం చేయగలవని. ఆ మాటలో నిష్ఠూరం లేదు. లాగలేదని ఎవరినీ తప్పుపట్టడు, వాళ్ళ వల్ల కాదని తెలుసుకుంటాడంతే. ఇంకా ముందే చూపించి ఉంటే, ఇంకా పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే అని రాత్రంతా తమని తాము కోసుకునే కొడుకులూ కూతుళ్ళూ ఈ ఘట్టం నిదానంగా చదవాలి. పోరు వెయ్యేళ్ళు సాగిందట. అన్నాళ్ళూ మంద చేసిందల్లా లాగడం, ఏడవడం, ఉండిపోవడం.

గట్టు మీద ఉన్నవాళ్ళకి అన్నిటికంటే కష్టం ఏమీ తెలియని ఆ మొదటి రోజులు. బయాప్సీకి ముక్క తీసి పంపిస్తారు. రిపోర్టు రాదు. వచ్చాక ఇంకో పరీక్ష అంటారు. ఈలోగా ఫోన్లు మొదలవుతాయి, "ఎన్నో స్టేజీ?" అని. బయాప్సీ చెప్పేది అది క్యాన్సరా కాదా, అయితే ఏ రకం అని. ఎంతవరకు పాకిందో స్కాన్లు చూస్తే గానీ తెలియదు, కొన్నిసార్లు ఆపరేషన్ చేసి తీసిన భాగాన్ని పరీక్షిస్తే గానీ ఖాయంగా చెప్పలేరు. అంటే డాక్టరుకే ఇంకా తెలియనిదాన్ని చుట్టాలు మనల్ని అడుగుతుంటారు. జవాబు లేని ఆ ప్రశ్న తిరిగి తిరిగి మనలోనే కూర్చుంటుంది. పగలు ఎలాగో గడిచిపోతుంది. రాత్రి పడుకుంటే మాత్రం ఇంకా జరగనివన్నీ జరిగిపోయినట్టే కనిపిస్తాయి.

అందుకే నాకు ఈ కథ ఫలశ్రుతి, అంటే చదివితే, వింటే ఏం ఫలం కలుగుతుందో చివర చెప్పే భాగం, అంటే ఇష్టం. వ్యాసులవారు స్వర్గం, కీర్తి, కలిదోష నాశనం వగైరా చెబుతూ, విన్నవారికి చెడ్డ కలలు పోతాయని కూడా అంటారు. పొద్దున్నే లేచి శుచిగా దీన్ని కీర్తించేది చెడ్డ కలల వంటివి శాంతించడానికే అని మళ్ళీ విడిగా చెబుతారు. ఇన్నిసార్లు చదివితే ఇంత గడ్డ కరుగుతుందని ఎక్కడా లేదు. భయంతో నిద్ర లేని రాత్రి గడిపినవాడికి తెల్లారగట్ల ఒక ఆసరా ఇచ్చారు. అది చిన్న వరమని మీకు అనిపిస్తే, మీకు అలాంటి రాత్రులు ఇంకా రాలేదనుకుంటాను. రాకూడదనే కోరుకుంటాను.

ఇక నా కోపం సంగతి. అమ్మకి కీమో జరుగుతుండగా సామూహిక పారాయణ పెడతామని కొందరు బయలుదేరారు. అమ్మ మంచం చుట్టూ కూర్చుని, అగరొత్తులు వెలిగించి, అందరూ గొంతెత్తి చదువుతారట. వాళ్ళలో ఒకావిడ అప్పటికే దగ్గుతోంది! కీమో ఇచ్చాక దాదాపు 7 నుంచి 14 రోజుల మధ్య, మందుని బట్టి కాస్త అటూ ఇటూగా, తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. మనకి మామూలు జలుబు వాళ్ళకి ప్రాణం మీదకి రావచ్చు. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ చూపించిందంటే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకూడదు, అర్ధరాత్రయినా సరే వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఇవి తెలుసుకోకుండా చేసే పారాయణ స్వామికి చేరుతుందో లేదో గాని, దగ్గు మాత్రం రోగికి చేరుతుంది. మీ మీ ఇళ్ళలో కూర్చుని చదవండి, వైకుంఠంలో ఉండి గజేంద్రుడి మొర విన్నవాడికి మీ ఇంట్లోంచి చదివితే వినపడదా? ఎవరో చెప్పారని ఆకు పసర్లు డాక్టరుకి చెప్పకుండా పట్టేవాళ్ళకీ ఇదే మాట. కొన్ని మందులతో అవి పడవు. చక్రం వేసినవాడికి మొసలి తల ఏదో, ఏనుగు కాలు ఏదో తెలుసు. మనకి తెలియదు కాబట్టి తెలిసినవాళ్ళని అడగాలి.

థర్మామీటరు పెట్టి చూడటం, మాత్రల వేళలు రాసుకోవడం, డాక్టరుని అడగాల్సినవి కాగితం మీద పెట్టుకోవడం, ఇవన్నీ నాకు ఆ ఏనుగులు వెనక నుంచి లాగడంలాగే అనిపిస్తాయి. లాగితే వచ్చేస్తుందనే నమ్మకంతో కాదు. లాగకుండా ఉండలేక.

ఒక రాత్రి అమ్మ నిద్ర పట్టక లేచి కూర్చుంది. "ఏరా, ఆయన నిజంగా ఉన్నాడంటావా?" అంది. పక్కనే మా మేనత్త ఉంది. "అవేం మాటలు వదినా, అలా అనుకోకూడదు, నమ్మకం సడలితే ఎలా?" అని గట్టిగానే అంది. అమ్మ నవ్వింది. "గజేంద్రుడు అడగలేదా, కలడు కలండనెడువాడు కలడో లేడో అని? ఆయనకి లేని తప్పు నాకొచ్చిందా?" అంది. మేనత్త మరి మాట్లాడలేదు.

అమ్మ అన్నది అక్షరాలా నిజం. దీనుల పక్షాన ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు, అసలు ఉన్నాడో లేడో అన్న పద్యం ముందు వస్తుంది. "నీవే తప్ప నితఃపరం బెఱుఁగ" దాని తర్వాతే వస్తుంది. అనుమానపడ్డాడని స్వామి రావడం మానలేదు. సిరికీ చెప్పకుండానే వచ్చాడు. కాబట్టి మంచం మీద ఉన్నవాళ్ళు ఏడ్చినా, దేవుణ్ణి తిట్టినా, లేడన్నా మీరు భక్తి పాఠాలు చెప్పకండి. పాజిటివ్‌గా ఉండాలి అని పదే పదే అనకండి. వాళ్ళ ప్రార్థన ఇంకా మధ్యలో ఉంది. చెయ్యి పట్టుకుని కూర్చోండి, చాలు.

మరి చివరికి ఏమవుతుంది? కథలో రెండూ ఉన్నాయి. శ్రీహరి చెయ్యి తగలగానే ఒంటి తాపం తీరి, గజేంద్రుడు తన ఆడ ఏనుగులతో కలిసి ఘీంకరించాడని, తొండంతో వాటిని మెల్లగా నిమిరాడని పోతన గారు మురిసిపోతూ రాశారు. అన్నేళ్ళ తర్వాత కూడా అవి అక్కడే ఉన్నాయన్నమాట. ఆయన స్వామి రూపం పొంది ఏనుగు ఒంటిని విడిచి స్వామి వెంట వెళ్ళిపోయాడని కూడా భాగవతమే చెబుతుంది. ఆ తర్వాత మంద ఏమైందో ఎవరూ చెప్పలేదు. మా ఇంటికి ఇందులో ఎంతవరకు రాసి ఉందో నాకు తెలియదు. తెలియాలని స్వామిని వేధించడం కూడా ఈమధ్య తగ్గించాను.

వచ్చే స్కాను దగ్గరపడుతోంది. ఎప్పటిలాగే టెన్షన్ మొదలైంది, రాత్రుళ్ళు మెలకువ వస్తోంది. పొద్దున్నే లేచి స్నానం చేసి ఈ ఆటవెలది, ఆ వెనక "కలఁ డందురు", ఆ తర్వాత "లా వొక్కింతయు" చదువుకుని, అమ్మకి మాత్రలు తీసి ఇస్తున్నాను. రిపోర్టు చేతికొచ్చి డాక్టరు చూసేదాకా ఎవరి ఫోనూ ఎత్తనని మేనత్తకి ముందే చెప్పేశాను.