హార్లెమ్‌లో ఒకసారి దిగండి

నెదర్లాండ్స్ చూడటానికి వచ్చిన మనవాళ్లు ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ ముందు ఫోటోలు దిగుతారు. అక్కడి నుంచి పడమరకి పావుగంట, ఇరవై నిమిషాలు వెళ్తే వచ్చే హార్లెమ్ స్టేషన్‌ని మాత్రం కిటికీలోంచి చూసి దాటిపోతారు. ఈ దేశంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన స్టేషన్ అదే. దిగి చూడమని ప్రతి ఒక్కరినీ బతిమాలాలనిపిస్తుంది.

1839 సెప్టెంబరు 20న ఈ దేశపు మొట్టమొదటి రైలు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చింది హార్లెమ్‌కే. దాన్ని లాగిన 'డి ఆరెండ్' ఇంజన్ ఇంగ్లండ్‌లో తయారైంది. దాని నమూనా ఇప్పుడు ఉట్రెక్ట్ రైల్వే మ్యూజియంలో ఉంది. అప్పటి స్టేషన్ ఊరి బయట ఉండేది. 1842లో లైను లైడెన్ దాకా పొడిగించినప్పుడు ఇప్పుడున్న చోటికి వచ్చింది.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం సంగతి. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు. వీళ్లు మొదట వేసింది 1945! ఇరుగుపొరుగు దేశాలేమో 1435 వేసుకున్నాయి. ఇక వీళ్ల బోగీలు సరిహద్దు దాటేదెలా? చివరికి 1866 కల్లా పట్టాలన్నీ 1435కి మార్చుకున్నారు. మీటర్ గేజ్ మార్పిడి అంటూ నెలల తరబడి లైన్లు మూసేయడం చూసిన మనకి ఆ తిప్పలేమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు చూసే భవనం 1906–1908 మధ్య కట్టింది. రూపకర్త డిర్క్ మార్‌గడాంట్. అప్పుడే పట్టాలని ఎత్తు మీదికి లేపి, రోడ్లని వాటి కిందుగా పోనిచ్చారు. ఊళ్లోవాళ్లకి గేటు దగ్గర నిలబడే బాధ తప్పింది. ఆర్ట్ నూవో పద్ధతిలో, అంటే 1900 ప్రాంతంలో యూరప్‌లో నడిచిన ఒంపుల అలంకరణ శైలిలో కట్టిన స్టేషన్ ఇది. పైన ఇనుము, గాజు కప్పు, ప్లాట్‌ఫాం మీద చెక్క గదులు, గోడలకి రంగు టైల్స్ మీద రాసిన పేర్లు. మూడో తరగతి వెయిటింగ్ రూమ్ బోర్డు కూడా అలాగే ఉంచారు. ఆ తరగతి 1956లోనే పోయింది. పాతదాన్ని అద్దాల వెనక దాచకుండా, రోజూ వేలమంది నడిచే చోట ఇంత శుభ్రంగా వాడుకోవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

రైళ్లకి కొదవలేదు. ఇంటర్‌సిటీలు ఆమ్‌స్టర్‌డామ్‌కి, ఇటు లైడెన్, డెన్ హాగ్ (ది హేగ్)లకి వెళ్తాయి. బేవర్‌వైక్ మీదుగా ఉత్తరానికి ఇంకో లైను ఉంది. జాండ్‌వోర్ట్ బీచ్‌కి వెళ్లే స్ప్రింటర్ (చిన్న స్టేషన్లలోనూ ఆగే లోకల్ రైలు) పది నిమిషాల్లో సముద్రం దగ్గర దింపుతుంది. ఆ లైను 1881 నాటిది. 2021లో అక్కడికి ఫార్ములా వన్ రేసు తిరిగొచ్చినప్పుడు దాని మీదే గంటకి 12 రైళ్లు నడిపారు.

ఏప్రిల్‌లో వచ్చేవాళ్లకి ఒక మాట. హార్లెమ్ నుంచి లైడెన్‌కి ఇంటర్‌సిటీ ఎక్కకండి, స్ప్రింటర్ ఎక్కండి. హిల్లెఖోమ్‌లో ఆగుతుంది, ఆ చుట్టుపక్కలంతా పూలచేలే.