పందిరిలో నిలబడే చోటే లెన్స్‌ను నిర్ణయిస్తుంది

అమలాపురం దగ్గర పెళ్లి ఫొటోల పని మొదలుపెట్టబోతున్న ఇద్దరు కుర్రాళ్లు, ఏ కెమెరా బాడీ (లెన్స్ కాకుండా మిగిలిన కెమెరా) కొనాలని ఈ మధ్య నన్ను అడిగారు. బాడీ కన్నా ముందు లెన్స్ తేల్చుకోవాలనీ, అంతకన్నా ముందు పందిరిలో తమకు దొరికే చోటు ఎంతో చూసుకోవాలనీ చెప్పాను. ఆ మాటనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

కోనసీమలో ఇంటి ముందు కొబ్బరాకుల పందిరిలో జరిగే పెళ్లిని తలచుకోండి. జీలకర్ర బెల్లం వేళకు పురోహితుడు, ఇరువైపుల తల్లిదండ్రులు, అడ్డుతెర పట్టుకున్నవారు, వీడియో తీసే మనిషి అందరూ పీటల చుట్టూ చేరిపోగా, మనకు మిగిలేది మహా అయితే రెండు మీటర్ల దూరం. అక్కడి నుంచి ఫుల్ ఫ్రేమ్ బాడీ (సెన్సార్, అంటే వెలుతురును పట్టే పలక, పెద్దగా ఉన్నది) మీద 135 మి.మీ. లెన్స్‌తో అడ్డంగా తీస్తే ఫ్రేములో పట్టే వెడల్పు సుమారు 53 సెం.మీ. మాత్రమే, వధువు ముఖం వస్తే వరుడి చేయి తెగిపోతుంది. 85 మి.మీ.తో అదే చోట దాదాపు 85 సెం.మీ. పడుతుంది కనుక రెండు ముఖాలు, తలల మీది చేతులు, బాసికాలు అన్నీ ఇముడుతాయి. క్రాప్ సెన్సార్ (అంతకన్నా చిన్న సెన్సార్) బాడీ ఉన్నవారికి ఆ పని చేసేది 50 మి.మీ. లెన్స్.

ఇక ఎఫ్ 1.4, ఎఫ్ 1.2 లెన్సుల మీద మోజు గురించి. ఎఫ్ పక్కన అంకె ఎంత తగ్గితే లెన్స్ రంధ్రం అంత పెద్దగా తెరుచుకుని వెలుతురు ఎక్కువ వస్తుంది, కానీ స్పష్టంగా కనిపించే లోతు తగ్గుతుంది. ఎఫ్ 1.8 దగ్గరే, రెండు మీటర్ల దూరంలో, 85 మి.మీ. లెన్స్ స్పష్టంగా చూపే లోతు ఆరు సెంటీమీటర్లకు మించదు. తొలి రోజుల్లో అలా తీసిన ఒక ఫొటోలో వధువు కనురెప్పలు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా వచ్చాయి గానీ, కాస్త వెనకగా కూర్చున్న వరుడి ముఖం మసకబారింది. ఆ క్షణం మళ్లీ రాదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది. ఇద్దరూ ఉన్నప్పుడు ఎఫ్ 4కు వెళితే లోతు 13 సెం.మీ. దాకా పెరుగుతుంది. కాబట్టి ఎఫ్ 1.8 లెన్స్ చాలు, మిగిలిన డబ్బు బాడీకి దాచుకోవచ్చు.

బాడీ విషయం సరిగ్గా ఇక్కడే వస్తుంది. ఎఫ్ 1.8 నుంచి ఎఫ్ 4కు వెళ్లేసరికి వెలుతురు ఐదో వంతుకు పడిపోతుంది. రాత్రి ముహూర్తంలో ఆ లోటును ఐఎస్ఓ (తక్కువ వెలుతురునూ ప్రకాశవంతంగా చూపే సెట్టింగ్) పెంచి పూడ్చుకోవాలి, అప్పుడు ఫొటోలో వచ్చే గరుకుదనం పెద్ద సెన్సార్‌లో తక్కువ గనుక ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ మీద పెట్టిన ఖర్చు వృథా కాదు. ఒకే ఫొటో రెండు చోట్ల దాచేందుకు మెమరీ కార్డు స్లాట్లు మాత్రం తప్పనిసరిగా రెండు ఉండాలి, ఎందుకంటే మంగళసూత్రధారణ ఉన్న కార్డు చెడిపోతే ఆ కుటుంబానికి చెప్పే సమాధానం ఉండదు. పాతవి కొనేవారు ఇది ప్రత్యేకంగా చూసుకోవాలి: 2018లో వచ్చిన నికాన్ జెడ్6కు, కానన్ ఈఓఎస్ ఆర్‌కు ఒక్కటే స్లాట్ ఉంది, అదే ఏడాది వచ్చిన సోనీ ఏ7 3కి రెండున్నాయి, 2020 నాటి నికాన్ జెడ్6 2లోనూ, కానన్ ఆర్6లోనూ రెండేసి ఉన్నాయి.

ఎల్ఈడీ దీపాల కింద ఫొటోలో అడ్డచారలు పడితే తప్పు కెమెరాది కాకపోవచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి; మెకానికల్ షట్టర్ (సెన్సార్ ముందు నిజంగా కదిలే తెర) పెట్టి 1/100 సెకను దగ్గర తీస్తే ఆ చారలు చాలావరకు పోతాయి.

తలంబ్రాల వేళకు, ఇంకా వెడల్పుగా పట్టే 35 మి.మీ. లెన్స్ ఉన్న రెండో బాడీ మెడలో ఉండాలి, అది పాతదైనా సరే. హోమం పొగలో, బియ్యం ఎగిరిపడుతుండగా లెన్స్ మార్చడం సాధ్యం కాదు.

చివరగా, కాలువగట్ల పక్కన మన ఇళ్లలో తేమ ఎక్కువ. లెన్స్‌ను తోలు సంచిలో మూసిపెడితే లోపలి అద్దాలకు బూజు పడుతుంది. సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో దాచుకోవాలి. పాత 85 మి.మీ. కొనేటప్పుడు వెనక నుంచి టార్చి వేసి చూడాలి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే, ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దని ఆ ఇద్దరికీ గట్టిగా చెప్పాను.