నినాదం వెనక కథ చదవక అర మార్కుతో పోగొట్టుకున్నాను

గ్రూప్-2కి చదువుతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ,

మొదటిసారి ప్రిలిమ్స్ నాకు అర మార్కులో పోయింది. ‘ఇంక్విలాబ్ జిందాబాద్’ నినాదాన్ని మొదట ఇచ్చింది ఎవరు అని అడిగితే భగత్ సింగ్ అని పెట్టాను. జవాబు ఉర్దూ కవి మౌలానా హస్రత్ మొహానీ. 1929 ఏప్రిల్ 8న కేంద్ర శాసనసభలో బాంబు వేసి భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ ఆ నినాదాన్ని దేశమంతా వినపడేలా చేశారు. నేను చదివిన కోచింగ్ మెటీరియల్‌లో నినాదానికి ఒక్క పేరే ఉండేది, దాన్నే బట్టీ పట్టాను. మైనస్ మార్కు కూడా పడింది. వారం రోజులు అన్నం సయించలేదు.

తర్వాత పద్ధతి మార్చాను. ఆముదాలవలస నుంచి విశాఖకు పాసింజరులో వెళ్ళేటప్పుడు ఒక చిన్న నోట్‌బుక్ పట్టుకునేవాణ్ణి. ఒక్కో నినాదానికి నాలుగు సంగతులు రాశాను: ఎవరు కట్టారు, ఎవరి నోట జనంలోకి వెళ్ళింది, ఏ ఉద్యమంలో, దానికి తెల్లవాళ్ళు ఏం చేశారు. నాలుగోది వదలకండి. నినాదం బలమెంతో సర్కారు భయంలోనే తెలుస్తుంది.

వందేమాతరమే చూడండి. 1906లో బెంగాల్‌లోని బారిసాల్ సభకు వచ్చినవాళ్ళను ఆ మాట అన్నందుకు పోలీసులు లాఠీలతో కొట్టారు. 1907 ఏప్రిల్‌లో బెంగాల్ నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఆ ఉద్యమ ప్రచారానికే ఆంధ్ర పర్యటనకు వచ్చారు. మన విజయనగరం కూడా ఆ దారిలోదే. రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసుకు వెళ్తే, వాళ్ళలో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావును కాలేజీ నుంచే వెళ్ళగొట్టారు. చదువు పోతుందని తెలిసీ ఆ బ్యాడ్జీ తియ్యలేదంటే, అది రెండు పదాల బిట్టు కాదు కదా!

గరిమెళ్ళ సత్యనారాయణ గారి దగ్గర కాసేపు ఆగండి. మన శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట తాలూకా గోనెపాడులో పుట్టిన మనిషి. ‘మాకొద్దీ తెల్లదొరతనము’ అన్న పాట రాసినందుకు 1922లో జైలుకు పంపారు. మన జిల్లా పిల్లలే ఆయన్ని ఒక్క లైన్‌లో చదివి పేజీ తిప్పేస్తుంటే నాకు కష్టంగా ఉంటుంది. మా అమ్మకు చదువు రాదు. నేను పైకి చదువుతుంటే విని, రెండో రోజుకే ఆ పల్లవి ముగ్గు వేస్తూ అనేసింది. అక్షరం రాని ఊళ్ళలోకి, కాంగ్రెస్ తీర్మానాలు వెళ్ళలేని చోటికి, ఇలాంటి మాటలు ఎలా వెళ్ళాయో నాకు ఆ రోజు అర్థమైంది.

మిగతావి త్వరగా అయిపోతాయి. ‘సైమన్ గో బ్యాక్’, ‘క్విట్ ఇండియా’ రెండూ బొంబాయి సోషలిస్టు నాయకుడు యూసుఫ్ మెహర్ అలీ ఇచ్చినవే. ఈ రెండూ పక్కపక్కనే రాసుకోండి. సైమన్ కమిషన్ వచ్చిన 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో తుపాకులకు ఎదురుగా ప్రకాశం పంతులు గారు ఛాతీ చూపించారు. 1942 ఆగస్టు 8న బొంబాయి గోవాలియా ట్యాంక్ మైదానంలో గాంధీజీ ఇచ్చిన పిలుపు ‘డూ ఆర్ డై’. ‘క్విట్ ఇండియా’తో దీన్ని కలిపెయ్యకండి.

రెండోసారి ప్రిలిమ్స్ గట్టెక్కాను. ఇప్పుడు మెయిన్స్‌కి కూడా ఆ నోట్‌బుక్కే తీస్తున్నాను.