గ్రిమ్స్‌బీ చేపల ప్యాకింగులో గ్యాసు, చలి

ఇంగ్లండు తూర్పు తీరంలోని గ్రిమ్స్‌బీ ఒకప్పుడు వేట పడవలకు పేరుపడ్డ రేవు. ఇప్పుడు చేప ఎక్కువగా ఐస్‌లాండ్, నార్వేల నుంచి వస్తే, దాన్ని కోసి ప్యాక్ చేయడమే ఊరికి జీవనాధారం. నరసాపురం దగ్గర పుట్టిన నేను అక్కడి ఒక ప్లాంటులో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తున్నాను.

మా వైపు చేప కొనేవాళ్ళు మొప్ప ఎత్తి ఎరుపు చూస్తారు, వేలితో నొక్కుతారు, వాసన చూస్తారు. ఐసులో ఉన్న చేపకు ఈ పరీక్షలు బాగానే సరిపోతాయి. దాన్ని ముందుగా పాడుచేసేవి ఆక్సిజన్ కావలసిన సూడోమోనాస్ వంటి బ్యాక్టీరియా, అవి పెరిగితే కంపు కొట్టక మానదు. మేము ట్రేలలో గాలి తీసేసి నింపే కార్బన్ డయాక్సైడ్ అణచిపెట్టేది ముఖ్యంగా వాటినే. కాడ్ వంటి తెల్ల చేపకు 40 శాతం కార్బన్ డయాక్సైడ్, 30 శాతం నైట్రోజన్, 30 శాతం ఆక్సిజన్ వాడటం పరిపాటి. కొవ్వు ఎక్కువగా ఉన్న చేప ఆక్సిజన్ తగిలితే ముక్కిపోతుంది కనుక దానికి మొదటి రెండే వాడతారు. సీలు చేసిన ట్రే మీద చిన్న రబ్బరు బిళ్ళ అంటించి, అందులోంచి సూది గుచ్చితే లోపలి గ్యాసుల శాతాలు మీటరు మీద కనబడతాయి. ఆ అంకెలు సరిగ్గా ఉన్నంత మాత్రాన ట్రేను పంపించం, చేప లోపలి ఉష్ణోగ్రత కూడా చూస్తాం.

కార్బన్ డయాక్సైడ్ చేపలోని నీటిలో కరిగితేనే పనిచేస్తుంది. 20 డిగ్రీల నీటిలో కంటే 0 డిగ్రీల నీటిలో అది దాదాపు రెట్టింపు కరుగుతుంది కనుక, చలి తగ్గిందంటే గ్యాసు బలమూ తగ్గినట్లే. అంతకన్నా నన్ను భయపెట్టేది క్లాస్ట్రిడియం బొట్యులినం అనే బ్యాక్టీరియా. దానిలో చేపలకు సంబంధించిన ఇ రకం ఆక్సిజన్ లేనిచోట, 3 డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పెరిగి నరాలను చచ్చుబరిచే విషం తయారుచేయగలదు, పైగా మాంసకృత్తులను కుళ్ళబెట్టదు కనుక కంపు రాదు. కంపు పుట్టించే వాటిని గ్యాసు ఆపేస్తుంది, దీన్ని మాత్రం ఆపదు. బ్రిటన్‌లో 3 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ చేసే ఇలాంటి ప్యాక్‌లకు, ఉప్పు, ఆమ్లం, తగిన వేడి వంటి వేరే రక్షణ లేకపోతే, సాధారణంగా 10 రోజుల గడువు పాటించేది అందుకే. జబ్బు తెచ్చే మరో బ్యాక్టీరియా లిస్టీరియా సంగతి వేరు, అది 0 డిగ్రీల దగ్గర కూడా పెరుగుతుంది కాబట్టి పొగబెట్టిన సాల్మన్‌ను వండకుండా తినే దేశంలో లైను శుభ్రతే దానికి మొదటి అడ్డు.

ఆకివీడు నుంచి హైదరాబాదుకు చేపలు పంపే మా బావమరిది, "గ్యాస్ ప్యాకింగ్ పెడితే ఐసు ఖర్చు తగ్గుతుంది కదండీ బావగారూ" అని అడిగాడు. ఐసు ఒక్క పెట్టె కూడా తగ్గించవద్దని చెప్పాను. మా వాళ్ళు ప్రాణంగా చూసుకునే పులస కొవ్వు చేప, అంటే ఆక్సిజన్ లేని ప్యాకే దానికి నప్పుతుంది, బొట్యులినంకు నచ్చేదీ అదే. గాలి తీసి ప్యాక్ చేయవలసి వస్తే గడ్డకట్టించి మైనస్ 18 డిగ్రీలలో పంపమన్నాను, ఎందుకంటే అక్కడ ఏ బ్యాక్టీరియా పెరగదు, కానీ బొట్యులినం నిద్రాణంగా ఉండే గట్టి బీజాలు చావవు, చేప కరిగాక మళ్ళీ మేల్కొంటాయి. అందుకని ఫ్రిజ్‌లో ఐసు కరగడానికి పెట్టేముందే కవరు కోసి గాలి తగలనివ్వాలని లేబులు మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో వేయించమన్నాను.