ప్లాంక్టన్ సీసాలకు గొట్టాలు, కుళాయిలు బిగించడం

అక్వేరియంలో పుట్టే చాలా రకాల చేపపిల్లలు తొలిరోజుల్లో పొడి మేతను ముట్టవు. వాటి నోటికి పట్టేది నీటిలో కదిలే సూక్ష్మజీవులే, అంటే ప్లాంక్టనే కాబట్టి, తిరుపతిలో మాలాంటి పెంపకందారులు నానోక్లోరాప్సిస్ వంటి ఆకుపచ్చ నాచునూ, దాన్ని తిని బతికే రోటిఫర్లనే కంటికి ఆనని ప్రాణులనూ ఇంట్లోనే గాజు పాత్రల్లో పెంచుకుంటారు. పెంపకం మొదలుపెట్టే విత్తనం ఎక్కడ దొరుకుతుందని అందరూ అడుగుతారు గానీ, పాత్రకు గాలి గొట్టమూ కుళాయీ ఎలా బిగించాలని అడిగేవారు తక్కువ. నా దృష్టిలో పెంపకం నిలిచేదీ పాడయ్యేదీ అక్కడే.

నాచు సీసా విషయంలో గాజును తొలచవలసిన పనే లేదు, అంతా మూత మీదే పూర్తవుతుంది. ప్లాస్టిక్ మూతకు ట్యూబు మందం కంటే కాస్త చిన్నవిగా మూడు రంధ్రాలు చేసి, ట్యూబు కొసను ఏటవాలుగా కోసి లోపలి నుంచి లాగితే అది బిగుసుకుని కూర్చుంటుంది. మొదటి ట్యూబు గాలిని అడుగు దాకా తీసుకుపోతుంది. రెండవది గాలిని బయటికి వదులుతుంది, దాని కొసలో కొంచెం దూది పెట్టాలి. మూడవది నాచునీటిని తీయడానికి, అది మామూలుగా మూసే ఉండాలి. మందుల అంగట్లో దొరికే సెలైన్ సెట్టుకు ఉండే రోలరు ఇందుకు చక్కగా పనికొస్తుంది. నాచు కావలసినప్పుడు రోలరు వదులుచేసి రెండవ ట్యూబును వేళ్లతో మడిచి పట్టుకుంటే, పోయే దారిలేని గాలి నీటిని అదుముతుంది, పచ్చని నీరు మూడవ ట్యూబులో పైకెక్కి గిన్నెలో పడుతుంది. మూత తెరవము కాబట్టి బయటి క్రిములు చేరే అవకాశం బాగా తగ్గుతుంది.

రోటిఫర్ల సంగతి వేరు. వాటి తొట్టి అడుగున మడ్డి పేరుకుంటుంది, దాన్ని తరచుగా వదిలేయాలి కాబట్టి కింద కుళాయి ఉండడమే మేలు. గుండ్రటి ఊరగాయ సీసాను ఇందుకు ఎంచుకోవద్దు, దాని వంపు మీద వాషరు సమంగా కూర్చోదు. 5 మిల్లీమీటర్ల మామూలు గాజుతో చిన్న చదరపు తొట్టి చేయించి, పలకలు అతికించక ముందే రంధ్రం వేయించుకోవడం ఉత్తమం. వేడిచేసి గట్టిపరచిన టఫెన్డ్ గాజును మాత్రం తొలచకూడదు, బిట్టు దిగగానే పలక మొత్తం ముక్కలవుతుంది.

కుళాయిని తొట్టి గోడకు పట్టించే మర గొట్టాన్ని ట్యాంక్ నిపుల్ అంటారు. అరంగుళం నిపుల్ మర బయటి వ్యాసం దాదాపు 21 మిల్లీమీటర్లు కాబట్టి 22 మిల్లీమీటర్ల డైమండ్ బిట్టు సరిపోతుంది. పలక అంచుకూ రంధ్రానికీ మధ్య కనీసం రంధ్రమంత ఎడం వదిలి, వెనుక వైపు టేపు అంటించి, బ్యాటరీ డ్రిల్లును ఏటవాలుగా మోపి, నెలవంకలా గాడి పడ్డాక మెల్లగా నిటారుగా చేయాలి. వేగం తక్కువగా ఉండాలి, నీటి ధార ఆగకూడదు, కళ్లద్దాలు తప్పనిసరి. పాలలాంటి తెల్లటి నీరు కారుతున్నంత సేపు పని సవ్యంగా సాగుతున్నట్టే. పొడి రేగితే వెంటనే ఆపి నీరు పెంచాలి. చివరి మిల్లీమీటరు దగ్గర చేతి బరువు తీసేయాలి, పెచ్చులు లేచేది అక్కడే.

రబ్బరు వాషరు తొట్టి లోపలి వైపు ఉండాలి. నట్టును చేత్తో బిగించి పావు చుట్టు తిప్పితే చాలు. టెఫ్లాన్ టేపు కుళాయి మరకే గానీ వాషరు దగ్గర అక్కర్లేదు. కుళాయి ప్లాస్టిక్‌దే కావాలి. ఇత్తడి గట్టిదని అంగడివాళ్లు చెబుతారు, కానీ దానిలోని రాగి నీటిలోకి దిగితే రోటిఫర్ల వంటి వెన్నెముక లేని ప్రాణులు తట్టుకోలేవు.

కరెంటు పోయినప్పుడు గాలి పంపు నీటిమట్టం కంటే కింద ఉంటే నీరు గాలి ట్యూబులో వెనక్కి పారుతుంది. అందువల్ల నీటిని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు ఒక్క పంపు దగ్గరే కాకుండా ప్రతి పాత్రకూ విడిగా పెట్టాలి. లేకపోతే రోటిఫర్లున్న నీరు ఉమ్మడి గొట్టం గుండా నాచు సీసాలోకి చేరుతుంది, ఆ తరువాత ఆ సీసాలో పచ్చదనం ఎన్నాళ్లో మిగలదు.